ఉత్తరం మొహంగా ఆగే బండి

దమ్మపేట నుంచి ఆవిడ ఫోన్ చేసి, "తమ్ముడూ, నీ గిరాకి పోయిండు" అంది. ఎవరని నేను అడగలేదు. కొత్తగూడెం బజార్లో ఎలక్ట్రానిక్స్ కొట్టు పెట్టిన ఇన్నేళ్లలో ఎంతమందికి ఏమేం అంటగట్టానో నాకే గుర్తులేదు. కాని ఆవిడ నోట 'నీ గిరాకి' అంటే ఒక్కడే. ఆవిడ భర్త.

నేను వెళ్లేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. చర్చి వాళ్లు తెచ్చిన కుర్చీలు తిరిగి ఆటోలోకి ఎక్కిస్తున్నారు. ఆవిడ నన్ను ఇంట్లోకి రమ్మనకుండా నేరుగా పెరట్లోకి తీసుకెళ్లింది. పామాయిల్ చెట్ల వరసకు ఇవతల బండి నిలబడి ఉంది. ఒకప్పుడు ఊరూరికీ బిస్కెట్లు తోలిన మూత వ్యాను. టైర్లలో గాలి లేదు. కింద గడ్డి మోకాలెత్తు పెరిగింది.

"చూసినవా, ఎట్ల పెట్టిండో" అంది.

చూశాను. గేటులోంచి నేరుగా వచ్చి ఆగితే సరిపోయే చోట, దారికి అడ్డంగా, ఉత్తరం మొహంగా ఉంది.

"ఏడెనిమిది మాట్ల ముందుకు, యెనక్కి తిప్పితిప్పి గిట్ల పెట్టిండు. అరటి చెట్టు గూడ ఇరగ్గొట్టిండు. ఇగ పాడేది లేదు గదా, ఎటు పెడితే ఏంది అన్న. అలవాటు అన్నడు. నిన్ను కొట్టు కాడ దింపొచ్చిన రోజు పెట్టిందే. మల్ల తియ్యలె."

పాడేది అంటే రేడియో. బండి కప్పు అంచున నాలుగు బోల్టు మొద్దులు తుప్పుపట్టి కనిపిస్తున్నాయి. వాటిని బిగించింది నేనే. కోసింది కూడా నేనే. రెంటికీ మధ్య ఏడాదిన్నర. కోసిన నెలకు నేను ఊరికే తెచ్చి ఇచ్చిన కొత్త యాంటెన్నా పెట్టె, నేను అంటించిన టేపు కూడా ఊడకుండా, ఆ ఇంటి అటక మీద ఇప్పటికీ ఉంది. ఆకాశం నుంచి పాట పంపిన కంపెనీ కూడా మూతపడి చాలా ఏళ్లయింది.

ఆయన మనుషుల మొహంలోకి చూసి మాట్లాడేవాడు కాదు. అటవీ శాఖలో పెద్దసార్ల కారు నడిపి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు వెనక సీట్లో కూర్చున్నవాళ్లతో ముందు అద్దంలోంచి మాట్లాడిన మనిషి. ఎక్కడికి వెళ్లినా ముందు ఒక అద్దం వెతుక్కునేవాడు. హోటల్లో చేతులు కడుక్కునే చోట అద్దం, మంగలి షాపు అద్దం, ఏదీ లేకపోతే కిటికీ గాజు. మొదటిసారి నా కొట్టుకు వచ్చినప్పుడు కూడా నాకు వీపు తిప్పి, గోడకున్న షోకేసు గాజులో నన్ను చూస్తూ అడిగాడు.

"సేటూ, అడవిల గూడ పాడే రేడియో ఉందా?"

నేను కొట్లవాళ్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ని. నాన్నది కిరాణా, బాబాయిలది బట్టల షాపు. గిరాకి కళ్లలోకి చూసి, అక్కడ ఆశ ఎంతుందో కొలిచి ధర చెప్పడం మాకు ఉగ్గుపాలతో పోసిన విద్య. గాజులో కనిపించే కళ్లకు ధర ఎలా చెప్పాలో మాత్రం మావాళ్లెవరూ నేర్పలేదు.

అయినా నాకు లోపల పండగ. ఆ రోజుల్లో శాటిలైట్ రేడియో అని ఒకటి కొత్తగా వచ్చింది. రేడియో పెట్టె చిన్నదే. దానికి తీగతో కలిపిన పలక ఒకటి, అన్నం పళ్లెమంత. ఆ పలకను ఆకాశంలో ఒకే ఒక్క చోటికి గురిపెట్టాలి. మన వైపు నుంచైతే ఆగ్నేయం మూలకు ఏటవాలుగా. గురి కుదిరితే బొంబాయిలో ఎలా పాడుతుందో అడవిలోనూ అలాగే, గరగర లేకుండా పాడుతుంది. ఊళ్లో ఎవరికీ అక్కర్లేని ఆ వస్తువును డీలరు ఒకడు నాకు రెండు అంటగట్టి వెళ్లాడు. అంటగట్టేవాడికి అంటగట్టేవాడు కూడా ఉంటాడు. రెండూ పై అరలో దుమ్ము తింటున్నాయి.

"బండికి పెట్టాలె" అన్నాడు. బయట ఆపిన వ్యానును అప్పుడు చూశాను.

"ఏం అమ్ముతరన్నా అందుల?"

"ఏం అమ్మ."

"కిరాయికి తిప్పుతరా?"

"తిప్ప."

"మరి?"

"ఉంట" అన్నాడు. "మంచం ఉంది, పొయ్యి ఉంది, దోమతెర ఉంది. ముప్పై ఏండ్లు ఆపు అన్నకాడ ఆపిన, పోనీ అంటే పోనిచ్చిన. వాగు కాడ మంచిగ నీడ ఉంటది, ఆపబుద్ధయితది. యెనక సారు కునుకు తీస్తుంటడు. ఎట్ల ఆపుతవ్? ఇగ నాకు ఆపబుద్ధయిన కాడ ఆపుత."

"మంచి ఆలోచన సార్" అన్నాను, అలవాటుగా వెన్న రాస్తూ.

"సార్ అనకు సేటూ. నేను గూడ ఎవర్నీ అనను. ముప్పై ఏండ్లల్ల నా కాడ స్టాకంత ఒడిసింది."

భార్య రాదా అని అడిగితే, "ఆమెకు కదలని ఇల్లుందట, అది చాలట" అన్నాడు. ఏ స్టేషన్ కావాలంటే, "మాటలు లేనిది పెట్టు. యెనక నుంచి మాట ఇనీ ఇనీ చెవులు కాయలు కాసినయి" అన్నాడు. వట్టి వాయిద్యాలు మాత్రమే మోగే స్టేషన్ ఒకటుంది. ఏ దేశం సంగీతమో నాకు తెలియదు. అది వినిపించాను. గాజులో ఆయన కళ్లు మూతపడ్డాయి. మూసిన కళ్లకు ధర చెప్పడం మరీ సులువు. చెప్పాను. ఆయన బేరమే ఆడలేదు. అది నాకు కొంచెం అవమానం కూడా.

బిగించడం నేనే చేశాను. వ్యాను మా కొట్టు ముందు ఉత్తరం మొహంగా ఉంది. కప్పు మీదకు ఎక్కి, పలకను ఆగ్నేయానికి ఎత్తి, పెట్టె మీద సిగ్నల్ గీతలు నిండేదాకా జరిపి, నాలుగు బోల్టులతో బిగించాను. లోపల నట్లు వేసి, బోల్టు కొసలు సుత్తితో అణగ్గొట్టి, చుట్టూ ఆరితే రాయయ్యే ఇనుప లప్పం కూరాను. "తుపాను వచ్చినా ఇంచు కదలదన్నా" అన్నాను. ఇళ్ల మీద డిష్షులు పెట్టి పెట్టి తేలిన చెయ్యి నాది. కదలకుండా బిగించడమే మా పనితనం. ఇళ్లు కదలవు కదా. బండి కదులుతుందన్న సంగతి, బండి కదిలాకే తట్టింది.

ఆయన పాట పెద్దగా పెట్టుకుని బయల్దేరాడు. బజారు చివర తూర్పుకు తిరిగాడు. పాట టక్కున ఆగింది.

నేను ఏం చేశానో చెప్పడానికి సిగ్గుపడాలి. గబుక్కున లోపలికి వెళ్లి స్టాకు గదిలో కూర్చున్నాను. అరగంటసేపు జవాబులు తయారు చేసుకున్నాను. ఆయన వెనక్కి రాలేదు.

ఎనిమిది రోజులకు వచ్చాడు. షోకేసు గాజులో మొహం వెలిగిపోతోంది.

"దొరికింది సేటూ, దాని కిటుకు. బండి ఉత్తరం జూస్తేనే పాడుతది. యాడ ఆపినా ఉత్తరం మొఖం పెట్టి ఆపాలె. అంతే గదా?"

నా తప్పు ఆ రోజే చెప్పి ఉండాల్సింది. తిప్పుకునే క్లాంపు ఒకటి వేస్తే బండి ఎటు నిలబడినా, కిందికి దిగి పలకను చేత్తో తిప్పుకుంటే సరిపోయేది. కాని అలా చెబితే నా బిగింపు పనికిమాలినదని ఒప్పుకోవాలి, ఊరికే విప్పి మళ్లీ బిగించాలి. ఆయనేమో గొడవకు రాలేదు, సంతోషంగా వచ్చాడు. సంతోషంగా ఉన్న గిరాకిని సరిదిద్దిన కొట్టువాణ్ని నేను ఎక్కడా చూడలేదు.

"అవ్ అన్నా" అన్నాను. "సెటిలైట్ అంటే అంతే."

ఆ మాట ఆయన ఉత్తర్వులా తీసుకున్నాడు. ముప్పై ఏళ్లు ఎందుకని అడగకుండా పాటించిన మనిషికి ఇంకో ఉత్తర్వు ఏం బరువు! ములకలపల్లి వైపు, అశ్వారావుపేట వైపు, గోదావరి దాటి చర్ల వైపు, ఎక్కడ ఆపినా ముందు దిగి ఎండ చూసుకునేవాడట. తర్వాత బండిని ముందుకు వెనక్కి ఆడించి ఉత్తరానికి తెచ్చేవాడట. నీడ ఉన్నచోట ఉత్తరం కుదరదు, ఉత్తరం కుదిరినచోట నీడ ఉండదు. మంచం బండి పొడవునా ఉంది, తల ముందు వైపు. బండి ఉత్తరం చూస్తే ఆయన తల కూడా ఉత్తరానికే.

"మా చర్చిల దిక్కుల పట్టింపు లేదు గని, ఉత్తరం తల పెట్టిండంటే నాకు ఈడ నిద్ర పట్టదు తమ్ముడూ" అని ఆవిడ ఒకసారి కొట్టుకు వచ్చి మొత్తుకుంది. ఆవిడ కోసం ఆయన తలగడ అటు నుంచి ఇటు మార్చి, స్టీరింగు వైపు కాళ్లు, గ్యాసు పొయ్యి వైపు తల పెట్టి పడుకునేవాడు. తలలో ఎప్పుడూ పోపు వాసన. ఇదంతా కొట్టులో గాజుకేసి చూస్తూ నవ్వుతూ చెప్పేవాడు. "ఇగ దీనికంటే పెద్దసారే నయం" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ని. నవ్విన ప్రతిసారీ చెప్పేద్దామనుకునేవాణ్ని. రోజులు గడిచిన కొద్దీ అబద్ధం కూడా ఇనుప లప్పంలా గట్టిపడుతుంది.

ఏడాదిన్నర గడిచాక ఒక పొద్దున ఎవరో ఫోన్ చేశారు. "శాటిలైట్ అమ్మింది నువ్వేనా? ఎస్సై సారు రమ్మంటున్నడు."

చర్ల దాటాక అడవి దారిలో పోలీసు క్యాంపు అది. నక్సలైట్ల కోసం గాలింపు జరిగే ఆ రోజుల్లో ఆ వైపు కొత్త మనిషి కనిపిస్తేనే అనుమానం. కొత్త మనిషి, బండిలో ఇల్లు, కప్పు మీద యాంటెన్నా. బస్సులో భద్రాచలం, అక్కణ్నుంచి చర్ల, ఆపైన ఆటోలో నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. వ్యానును లోపలికి తెచ్చి ఇసక మూటలకూ ముళ్లకంచెకూ మధ్య ఇరికించారు. దక్షిణం మొహంగా. ఆయన బల్ల మీద అందరికీ వీపు చేసి కూర్చుని, జీపు కిటికీ గాజులో అందర్నీ చూస్తున్నాడు.

ఎస్సై నాకన్నా చిన్నవాడు. మంచినీళ్లు ఇప్పించాడు. మర్యాదస్తుడే.

"ఈయన ఏం చేస్తడు?"

"రిటైరయిండు సార్."

"అది ఆయన గూడ చెప్పిండు. బండిల ఏం చేస్తడు?"

"ఉంటడు సార్."

"ఎందుకు?"

ఏమీ అమ్మని, కొనని, ఎవరింటికీ వెళ్లని మనిషి గురించి అడవిలో నిలబడి ఎలా నమ్మించాలి?

"నాలుగు గూడేలల్ల అడిగినం" అన్నాడు ఎస్సై. "యాడ ఆపినా ఉత్తరం మొఖం పెట్టే ఆపుతడట. నీడ ఉన్నా వదిలిపెట్టి ఎండల ఆపుతడట. ఉత్తరం దిక్కు ఏముంది? ఎవలున్నరు ఆడ?"

అక్కడున్న అందరం ఉత్తరం వైపు చూశాం. అడవి. దాని వెనక పక్క రాష్ట్రం అడవి.

"చెప్పిన గదా" అన్నాడు ఆయన గాజులోకి. "సెటిలైట్ అంటే అంతే. సేటు చెప్పిండు."

చివర 'సార్' లేదు. అనమని నేను కళ్లతో సైగ చేశాను. గాజులో చూశాడో లేదో, అనలేదు.

కొన్ని వందల అబద్ధాలు మంచి ధరకు అమ్మిన నేను ఆ రోజు ఒక్క నిజం బయటపెట్టాను. "అంతే కాదు సార్. నేను తప్పు బిగించిన. తిప్పుకునే క్లాంపు పెట్టాల్సింది, కదలకుండ బోల్టులు కొట్టిన. ఉత్తరం దిక్కు ఏం లేదు. నా తప్పు ఉంది, గంతే."

ఎస్సై బండి కప్పు వైపు చెయ్యి చూపించాడు. "అయితే పాడించు."

దక్షిణం చూస్తున్న బండి పాడదు. తిప్పడానికి జాగా లేదు. బోల్టులు విప్పబోతే నట్లు ఇంచు కదల్లేదు. తుపాను వచ్చినా కదలవని నేనే కదా చెప్పింది. ఒక కానిస్టేబులు రంపం బ్లేడు తెచ్చిచ్చాడు. ఎండకు కాలే రేకు మీద మోకాళ్లు పెట్టి గంటసేపు నా బిగింపును నేనే కోశాను. "ఎవడ్రా బాబూ ఇంత గట్టిగ కొట్టిండు" అన్నాడొక కానిస్టేబులు కింద నుంచి. ఇంకొకడు, "కోస్తున్నోడే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

పలక ఊడి వచ్చింది. రెండు చేతులతో నెత్తి మీదకెత్తి ఆగ్నేయానికి చూపించాను. బండిలో పెట్టె కాసేపు గుర్రుమని, పాడింది. ఆ వాయిద్యాలు, ఆ మాటల్లేని పాట. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న కుర్రాడు కూడా ఇటు తిరిగాడు. "ఇదేం పాటరా, మాటలే లెవ్వు" అన్నాడొకడు, చిన్నగా. పాట అయిపోయేదాకా చేతులు దించలేదు. గెలిచాననుకున్నాను.

"రేడియోనే" అన్నాడు ఎస్సై. "నాకు సమజయింది. గని పొద్దున్నే రిజిస్టర్ల శాటిలైట్ అని ఎక్కించినం. ఎక్కినంక పై ఆఫీసర్ల కాడికి పోవాలె. వాళ్లకెట్ల పాడి చూపిస్త? ఈ పలక ఈడ ఉంటది. బండి తీస్కపోండ్రి. పెద్దాయనా, మల్ల ఈ దిక్కు రావద్దు. మల్ల వచ్చినప్పుడు నేనే ఉంటనని లేదు."

నాకు తెలిసిన విద్యంతా వాడాను. పలక ఉంచుకోండి, మనిషిని రానివ్వండి అన్నాను. కాదన్నాడు. పోనీ చర్ల దాకా అన్నాను. కాదన్నాడు. పోనీ గోదావరి ఒడ్డు దాకా, పగటి పూట మాత్రం అన్నాను. "సేటూ, ఇది బజారా?" అన్నాడు, కోపం లేకుండానే. బేరంలో అవతలివాడికి మన దగ్గర ఏదో ఒకటి కావాలి. ఎస్సైకి నా దగ్గర ఏమీ అక్కర్లేదు. మంచివాడు కూడా. అలాంటి మనిషి ముందు ఏం చెయ్యాలో నాకు తెలియదు.

ఆయన బల్ల మీంచి లేచి బండి దగ్గరికి వచ్చాడు. పక్క అద్దంలోంచి నన్ను చూశాడు.

"సేటూ, బండి దక్షిణం జూస్తుంది గదా."

"అవ్ అన్నా."

"అయినా పాడింది."

"అవ్."

"ఎటు జూసినా పాడేదా? మొదటి నుంచి?"

"క్లాంపు పెడితే పాడేదన్నా."

తిడతాడనుకున్నాను. తిడితే నేనూ ఏదో అనేవాణ్ని, ఇద్దరి మధ్య లెక్క తేలిపోయేది. ఆయన తల ఊపాడు. అంతే. వెనక తలుపు తీసి నన్ను ఎక్కమన్నాడు. మంచం మీద కూర్చున్నాను. ముందు సీట్లోకి ఎక్కి, లోపలి అద్దాన్ని కొంచెం సర్దాడు. అద్దంలో నేను ఉన్నాను.

చర్ల దాటాం. పెట్టె నా పక్కనే ఉంది, తెగిన తీగతో. ఒకచోట రోడ్డు వాగులోకి దిగుతుంది. ఒడ్డున మద్దిచెట్లు, కింద చల్లటి నీడ, సన్నటి నీటి చప్పుడు. బండి వేగం తగ్గింది. ఆయన కళ్లు వాగు మీదకు వెళ్లి, అద్దంలోకి వచ్చాయి.

"ఆపమంటరా సార్?" అన్నాడు.

ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ముందు నాకు తెలియలేదు. బండిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని పక్కకు చూశాను.

"నాదేముందన్నా, నీకు ఆపబుద్ధయితే ఆపు."

"చెప్పుండ్రి సార్" అన్నాడు.

బండి ఆగీ ఆగనట్టు కదులుతోంది. ఆపు అని నేనంటే ఆగుతుంది. అంటే, నేను ఆపమన్నందుకు ఆగుతుంది. వద్దంటే వెళ్తుంది. మాటలతోనే బతికిన నాకు ఆ రెంటికీ మధ్య మూడో మాట ఒక్కటి కూడా దొరకలేదు. ఊరుకున్నాను. వెనక సీటు ఊరుకుంటే దాని అర్థం ఏమిటో ఆయనకు ముప్పై ఏళ్లుగా తెలుసు. గేరు మార్చాడు. వాగు వెనకపడింది.

ఆ తర్వాత ఆయన ఎక్కడా అడగలేదు. ఎక్కడా ఆపలేదు. గోదావరి వంతెన దాటి, పాల్వంచ దాటి, నేరుగా తెచ్చి మా కొట్టు ముందు ఆపాడు. నేను తలుపు కోసం తడుముకునేలోపే దిగి, వెనక్కి చుట్టి వచ్చి, తలుపు తీసి, నేను దిగేదాకా తల వంచుకుని పట్టుకు నిలబడ్డాడు.